రాజు పేరు లేని తూకం రాళ్లు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో నదీలోయ నాగరికతల మీద వచ్చిన రెండు పేజీల వ్యాసం చదివాను. బొమ్మలు బాగున్నాయి, అచ్చు బాగుంది. స్కూల్లో పనికొస్తుందని మా మనవరాలి కోసం దాచిపెట్టాను కూడా. కానీ రెండో పేజీ పైన గడ్డం ఉన్న రాతి బొమ్మ కింద ‘మొహెంజొదారోను పాలించిన పూజారి రాజు’ అని వేశారు. వ్యాసంలోనేమో నైలు, టైగ్రిస్, యూఫ్రటీస్, సింధు లోయలన్నిటా రాజే దేవుడనీ, గుడే ప్రభుత్వమనీ, జనం నోరెత్తింది లేదనీ అన్నిటినీ ఒకే గాటన కట్టేశారు. ఈ రెండు సంగతుల మీదే నా ఉత్తరం. మీ ఉత్తరాల పేజీలో ఇంత పొడుగు పట్టదని తెలుసు. ఎంత కత్తిరించినా ఆ బొమ్మ సంగతి మాత్రం ఉంచండి.

నేను చరిత్ర పాఠాలు చెప్పినవాణ్ణి కాదు. తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యాను. బజార్లో కాటాలు, రాళ్లు పరీక్ష చేసి ముద్ర వేయడం, దొంగ తూకం దొరికితే కేసు రాయడం మా పని. మేం సంతలోకి అడుగు పెట్టామని తెలిస్తే చాలు, కొన్ని రాళ్లు గోనె సంచుల కిందికి వెళ్లిపోయేవి. ఆ ఉద్యోగం వల్ల ఒక పిచ్చి పట్టుకుంది. ఏ దేశం చరిత్ర చదివినా వాళ్ల తక్కెడ ఎలా ఉండేది, రాయి ఎవరు సరిచూసేవారు, తక్కువ తూచితే ఎవరు అడిగేవారు అని వెతుక్కుంటాను. ప్రభుత్వం అంటే ఏమిటో కోటల్లో కంటే కాటా దగ్గర బాగా తెలుస్తుందని నా నమ్మకం.

ముందు ఆ బొమ్మ. మీరు పావు పేజీ వేసేసరికి చూసినవాళ్లు నిలువెత్తు విగ్రహం అనుకుంటారు. దాని ఎత్తు 17.5 సెంటీమీటర్లు, అంటే జానెడు కూడా లేదు. మెత్తటి సబ్బురాయిలో చెక్కి కాల్చారు. ఎడమ భుజం మీదుగా శాలువా కప్పుకుని ఉంటుంది. దాని మీద మూడు రేకుల నమూనాలు, ఒకప్పుడు వాటిలో ఎర్ర రంగు నింపారు. నుదుటికి పట్టీ, పట్టీ మధ్యలో గుండ్రటి బిళ్ల, కుడి దండకు అలాంటిదే ఇంకోటి. పైపెదవి నున్నగా గొరిగి, గడ్డం మాత్రం ఉంచారు. కళ్లు అరమోడ్పుగా ఉంటాయి. కింది భాగం విరిగిపోయింది. 1920లలో తవ్వుతుంటే దొరికింది. అదీ ఎత్తైన కోటదిబ్బ మీద కాదు, పెద్ద స్నానవాటిక పక్కన కాదు, దిగువ పట్టణంలో ఇళ్ల మధ్య. చేతిలో దండం లేదు, తల మీద కిరీటం లేదు, పక్కన శాసనం లేదు. ఇప్పుడు కరాచీ జాతీయ మ్యూజియంలో ఉంది.

మరి పూజారి అని, రాజు అని ఎలా తేలింది? టైగ్రిస్, యూఫ్రటీస్ లోయలోని సుమేరు నగరాలను గుడి పూజారులే ఏలారని అప్పటి పండితుల్లో గట్టి అభిప్రాయం ఉండేది. అప్పటి పురావస్తు శాఖ అధిపతి జాన్ మార్షల్ 1924 సెప్టెంబర్‌లో సింధు నగరాల సంగతి లోకానికి చెప్పిన కొత్తలో ఈ నాగరికతను ‘ఇండో-సుమేరియన్’ అని కూడా పిలిచారు. శాలువా, అరమోడ్పు కళ్లు చూసి ఇతనూ అలాంటి పూజారే అయి ఉంటాడనుకున్నారు. తరవాతివాళ్లు దానికి రాజరికం కూడా తగిలించారు. మా శాఖ భాషలో చెప్పాలంటే, ఒక ఊరి పడికట్టు రాయితో ఇంకో ఊరి సరుకు తూచారు. నూరేళ్లయినా అదే తూకం నడుస్తోంది.

సుమేరు విషయంలో మీ వ్యాసకర్త చెప్పింది చాలావరకు నిజమే. అక్కడ అన్నీ రాసి పెట్టారు కాబట్టి మనం ఊహించుకోనక్కర్లేదు. క్రీ.పూ. 2350 ప్రాంతంలో లగాష్ నగరాన్ని ఏలిన ఉరుకగిన అనే ఆయన, తనకు ముందున్న పాలకుల తప్పులను మట్టి శంకువుల మీద రాయించాడు. దేవుడి ఎద్దులతో పాలకుడి ఉల్లితోటలు దున్నించారట. దేవుడి మాన్యంలో మంచి పొలాలన్నీ పాలకుడి ఉల్లి, దోస మడులైపోయాయట. ఇది చదివినప్పుడు దేవాదాయ భూముల కేసులు చూసిన తెలుగువాళ్లెవరికైనా నవ్వొస్తుంది.

అదే శాసనంలో చావు ఖర్చు లెక్క ఉంది. శవాన్ని పాతిపెట్టడానికి తెస్తే అక్కడి అధికారి 7 కడవల బీరు, 420 రొట్టెలు, ధాన్యం, ఒక ఉన్ని బట్ట, ఒక మేక, ఒక మంచం పుచ్చుకునేవాడు. ఉరుకగిన దాన్ని 3 కడవల బీరు, 80 రొట్టెలు, ఒక మంచం, ఒక మేకకు తగ్గించాడు. తగ్గించాడేగాని తీసెయ్యలేదు, గమనించండి. దేవుడి పేరు చెప్పి వసూలు చేసే రేటును ప్రభుత్వం నిర్ణయించింది. మతం, ప్రభుత్వం ఎక్కడ కలుసుకున్నాయో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

ఇక తూకాలు. క్రీ.పూ. 2100 ప్రాంతంలో ఊర్ నగరం రాజు ఊర్-నమ్ము పేరుతో ఉన్న చట్టాలు, మనకు దొరికినవాటిలో అన్నిటికన్నా పాతవి. వాటి పీఠికలో రాజు తాను చేసిన మంచి పనులు చెప్పుకుంటూ, కంచుతో సిలా అనే కొలపాత్ర చేయించాననీ, ఒక మినా తూకాన్ని స్థిరపరిచాననీ, షెకెల్ రాయిని మినాతో సరిపెట్టాననీ అంటాడు. అక్కడ 60 షెకెళ్లు ఒక మినా. వెంటనే ఇంకో మాట చెబుతాడు: తండ్రిలేని బిడ్డను ధనవంతుడి పాలు చేయలేదు, విధవరాలిని బలవంతుడి పాలు చేయలేదు, ఒక షెకెల్ మనిషిని ఒక మినా మనిషి పాలు చేయలేదు. బీదవాణ్ణీ గొప్పవాణ్ణీ కూడా తూకంలోనే చెప్పారు! నా సర్వీసంతా ఇలాంటి వాక్యం ఏ జీవోలోనూ చూడలేదు.

ఆయన కొడుకు షుల్గి వేయించిన ఒక అరమినా రాయి పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఉంది. బరువు సుమారు 248 గ్రాములు. దాని మీద నెలవంక గుర్తు. తన ప్రభువైన నన్నాకు, అంటే చంద్రుడికి, ఊర్ రాజు షుల్గి ఈ తూకాన్ని స్థిరం చేశాడని రాసి ఉంది. మేం రాయి మీద సీసంలో వేసే ముద్రలో ఇన్‌స్పెక్టర్ నంబరు, సంవత్సరం ఉంటాయి. అక్కడ దేవుడూ రాజూ ఇద్దరూ కలిసి ముద్ర వేశారన్నమాట. షుల్గి తూకానికి పదిహేను వందల ఏళ్ల తరవాత బాబిలోన్ రాజు నెబుకద్నెజర్ నకలు చేయించాడు. ఆ నకలుకు ఇంకో నకలు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది, ఎవరి రాయి చూసి ఎవరు చేశారో దాని మీదే రాసి ఉంది. పై ఆఫీసు స్టాండర్డ్‌తో మా వర్కింగ్ స్టాండర్డ్‌ను సరిచూసుకోవడం కోసం పెట్టె పట్టుకుని బస్సెక్కి తిరిగినవాణ్ణి కాబట్టి ఆ నాలుగు వాక్యాలకు నేను ఎంత సంతోషపడ్డానో చెప్పలేను.

సుమేరు, బాబిలోన్‌లలో న్యాయానికి దేవుడు సూర్యుడు. బాబిలోన్‌వాళ్లు షమాష్ అంటారు. ఆయన మీద ఉన్న స్తోత్రంలో రెండు రకాల రాళ్లు పెట్టుకుని మోసం చేసే వర్తకుడికి లాభం పోవడమే కాదు, పెట్టుబడి కూడా పోతుందని ఉంది. దేవుడి శాపం ఒక్కటే చాలదనుకున్నారేమో, క్రీ.పూ. 1750 ప్రాంతపు హమ్మురాబి శాసనంలోనూ ఇది ఎక్కింది. వెండి అప్పిచ్చేటప్పుడు చిన్న రాయితో ఇచ్చి, పుచ్చుకొనేటప్పుడు పెద్ద రాయితో పుచ్చుకున్న వర్తకుడు ఇచ్చినదంతా వదులుకోవాలి. ఈ భాగం రాతి స్తంభం మీద చెరిపేశారు, మట్టి పలకల నకళ్ల వల్ల బయటపడింది. అదే శాసనంలో బీరు అమ్మే ఆడమనిషి ధాన్యం వద్దని, పెద్ద రాయితో వెండి పుచ్చుకుంటే నీళ్లలో పడెయ్యమన్నారు. వడ్డీ వ్యాపారికి అప్పు పోతుంది, సారా కొట్టు ఆమెకు ప్రాణమే పోతుంది. నేరం ఒక్కటే, శిక్షలో ఇంత తేడా. ఆ సమాజంలో ఎవరి బరువెంతో ఈ రెండు సెక్షన్లు పక్కపక్కన పెట్టి చూస్తే చాలు.

జనం నోరెత్తలేదన్న మాట కూడా సరికాదు. ఊర్‌లో దొరికిన ఒక మట్టి పలక మీద నన్ని అనే కొనుగోలుదారు, ఏయా-నాసిర్ అనే రాగి వర్తకుణ్ణి కడిగేశాడు. నాసిరకం రాగి చూపించి ‘తీసుకుంటే తీసుకో, లేకపోతే ఫో’ అన్నాడట, పంపిన మనిషిని అవమానించి పంపాడట. అదీ శత్రువుల ప్రాంతం దాటి వచ్చిన మనిషిని. ఆ పలక కూడా బ్రిటిష్ మ్యూజియంలోనే ఉంది. నాకు అందులో నచ్చిన ముక్క వేరే ఉంది. మన లెక్క ముద్ర వేసిన పలక మీద రాసి షమాష్ గుళ్లో పెట్టాం కదా అని గుర్తు చేస్తాడు నన్ని. అక్కడ గుడి పూజకే కాక రిజిస్ట్రార్ ఆఫీసుకు కూడా పనికొచ్చింది. దేవుడు సాక్షి అని ఊరికే అనలేదు వాళ్లు, నిజంగానే కాగితం ఆయన దగ్గర పెట్టారు.

ఈజిప్టులో కథ ఇంకో రకం. అక్కడ కాటా చచ్చిపోయాక వస్తుంది. ఒక పళ్లెంలో మనిషి గుండె, ఇంకో పళ్లెంలో ధర్మదేవత మాత్ ఈక. అనూబిస్ దేవుడు మోకాళ్ల మీద కూర్చుని కాటా సరిగ్గా నిలిచిందా లేదా అని చూస్తుంటాడు, థోత్ దేవుడు పక్కన నిలబడి రాసుకుంటాడు. తూగకపోతే మింగడానికి మొసలి తల ఉన్న అమ్మిత్ కాచుకుని ఉంటుంది. క్రీ.పూ. 1250 ప్రాంతంలో ‘ఆని’ అనే లేఖకుడి కోసం రాసిన పపైరస్‌లో ఈ దృశ్యం రంగుల్లో ఉంది. అనూబిస్ కూర్చున్న తీరు చూసి మా ఇంట్లోవాళ్లు ‘అచ్చం మీరే’ అన్నారు. ఇన్‌స్పెక్టర్ ఒకడు, గుమస్తా ఒకడు, అంతా మా శాఖ ఏర్పాటే.

చనిపోయినవాడు అక్కడ ఒప్పజెప్పాల్సిన మాటలు కూడా చూడండి. తూకం రాయి బరువు పెంచలేదు, త్రాసు గుండును తప్పించలేదు, పొలం కొలత తగ్గించలేదు, పారే నీళ్లకు అడ్డుకట్ట వేయలేదు. హత్య చేయలేదు అన్న మాట పక్కనే ఇవీ ఉంటాయి. ఏటి మీద బతికే ఊళ్లలో నీళ్లు మళ్లించుకోవడం, గట్టు జరపడం, తక్కువ తూచడం ఎంత పెద్ద పాపాలో దీన్నిబట్టే తెలుస్తుంది. ఇలాంటి జాబితా పెట్టాల్సి వచ్చిందంటే ఆ పనులన్నీ బాగానే జరిగేవని కూడా అర్థం, అనుభవం మీద చెబుతున్నాను.

ఈజిప్టు రాజు ఫారో దేవుడే, కాదనను. అయినా క్రీ.పూ. 1157 ప్రాంతంలో, మూడో రామ్సెస్ ఏలుబడి 29వ ఏట, రాజుల సమాధులు తొలిచే దేర్ ఎల్-మదీనా పనివాళ్లు కూలి ధాన్యం రాలేదని పనిముట్లు పడేసి గుళ్ల వెనక బైఠాయించారు. ఆకలి, దప్పిక మమ్మల్ని ఇక్కడికి తెచ్చాయి, బట్ట లేదు, నూనె లేదు, చేప లేదు, కూర లేదు అన్నారు. ఫారోకు రాయండి అన్నారు. ధాన్యం గుడి గాదెల్లో ఉంది కాబట్టే గుడి దగ్గర కూర్చున్నారు. ఎక్కడ కూర్చుంటే కదులుతుందో వాళ్లకు బాగా తెలుసు. అక్కడ రాగి ఉలులను కూడా తూచి ఇచ్చి, తూచి తీసుకునేవారు, అరిగిన వంకన రాగి మాయం కాకుండా. పాలకుల నమ్మకం అంతవరకే.

ఇప్పుడు సింధు లోయకు వస్తాను. నా అసలు మాట ఇక్కడే.

క్రీ.పూ. 2600 నుంచి 1900 దాకా నడిచిన ఆ నగరాల్లో తూకం రాళ్లు వందల కొద్దీ దొరికాయి. ఎక్కువభాగం చెకుముకి జాతి రాయి. సింధ్‌లోని రోహ్రీ కొండల్లో అది విస్తారంగా ఉంది. ఘనాకారంలో కోసి, అన్ని ముఖాలూ నున్నగా సానపట్టారు. అతి చిన్నదాన్ని ఒకటి అనుకుంటే, అది సుమారు 0.86 గ్రాములు. మన కంసాలి వాడే గురివింద గింజలతోనే ఈ లెక్క మొదలైందని కొందరు పండితుల అభిప్రాయం. అక్కడి నుంచి ప్రతిదీ రెట్టింపు: 2, 4, 8, 16, 32, 64. పదహారింతలది సుమారు 13.7 గ్రాములు, మన తులం కంటే కొంచెం ఎక్కువ, అదే ఎక్కువగా కనిపిస్తుంది. ఆ పైన 160, 200, 320, 640 అని పదుల వరస. పెద్ద రాళ్లు పది కిలోలు దాటినవి కూడా ఉన్నాయి.

ఈ రాళ్లను నా కళ్లతో చూసినప్పుడు మొదట పరీక్షించింది అంచులు. మా కాలంలో ఇనప రాళ్లకు అడుగున గుంట ఉండేది, అందులో సీసం పోసి ముద్ర కొట్టేవాళ్లం. దొంగ అక్కడే వేలు పెట్టేవాడు. కాస్త సీసం తోడేసి మైనమో మన్నో నింపి, పైన మసి పూసేవాడు. చేపల మార్కెట్‌లో అయితే ఎవరూ ఏమీ చేయనక్కర్లేదు, ఉప్పునీళ్లకు ఇనుము పెచ్చులు లేచి రాయి దానంతటదే తగ్గిపోయేది. సింధు రాయికి ఈ రెండు జబ్బులూ లేవు. తుప్పు పట్టదు, గుంట లేదు, అరగడమూ తక్కువ. ఎనిమిది మూలలూ పదునుగా ఉన్న ఘనంలో ఎక్కడ చెక్కినా ఆ చోటు తెల్లగా కనిపించిపోతుంది. గుండ్రటి రాయిని కొంచెం అరగదీస్తే పోల్చుకోవడం కష్టం. ఘనాకారం అందం కోసం ఎంచుకోలేదని నా అభిప్రాయం. మోసం చేస్తే దొరికిపోయేలా ఎంచుకున్నారు.

రెట్టింపు వరసలో ఇంకో కిటుకు ఉంది. ఏడు రాళ్లుంటే ఒకటి నుంచి 127 దాకా ఏ లెక్కైనా తూచొచ్చు, అంటే దాదాపు 109 గ్రాముల వరకు. పూసలకు, లోహానికి, రంగురాళ్లకు అంతకంటే అక్కర్లేదు. పైగా సరిచూడటం చాలా తేలిక. రెండు ఒకట్లు ఇటు, ఒక రెండు అటు పెట్టు. రెండు రెండ్లు ఇటు, ఒక నాలుగు అటు పెట్టు. నాలాంటి వాడు వచ్చేదాకా ఆగనక్కర్లేదు, కొనేవాడే తన రాళ్లు తెచ్చుకుని అక్కడికక్కడే తేల్చుకోవచ్చు.

ఆ రాళ్ల మీద దాదాపు ఎక్కడా ఏమీ రాసి లేదు. దేవుడి గుర్తు లేదు, రాజు పేరు లేదు, ముద్ర లేదు. వాళ్లకు ముద్రలు చేయడం రాక కాదు, ఒంటికొమ్ము జంతువు బొమ్మతో అంత నాజూకైన ముద్రలు వేల కొద్దీ చెక్కినవాళ్లు. పైన రాసుకోవడానికి లిపి కూడా ఉంది, దాన్ని ఇప్పటికీ ఎవరూ ఒప్పుకునేలా చదవలేదనుకోండి. అయినా హరప్పాలో తూకం ఎంతో, 900 కిలోమీటర్ల దక్షిణాన గుజరాత్ లోథాల్‌లోనూ అంతే. ధోలావీరాలోనూ అంతే. సముద్రం దాటి బహ్రెయిన్‌లోనూ ఈ రాళ్లు దొరికాయి. ఆ దేశాన్ని సుమేరువాళ్లు దిల్మున్ అనేవారు, ఊర్ వర్తకుల పలకల్లో దిల్మున్ తూకం అని వేరే లెక్క కట్టారు.

ఇది ఎంత కష్టమో మీ పాఠకుల్లో పెద్దవాళ్లకు తెలుసు. మన దేశంలో మెట్రిక్ తూకాల చట్టం 1956లో చేశారు. 1958 అక్టోబర్ నుంచి అమలు మొదలుపెట్టి, 1962 ఏప్రిల్ నుంచి పాత రాళ్లు వాడటం నేరమన్నారు. వెనకాల పార్లమెంటు ఉంది, పోలీసులున్నారు, కోర్టులున్నాయి, రేడియో ఉంది. నేను ఉద్యోగంలో చేరేనాటికి అదంతా పాత కథ అయిపోయి ఉండాలి. కానీ సంతల్లో వంకాయలు వీశె లెక్కన అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు. కిలో రాయి పక్కన ఒక కంకర రాయి వేసి వీశె చేసి ఇచ్చేవాళ్లూ ఉన్నారు. కేసు రాయబోతే ‘మా అత్త కాలం నుంచి ఇంతే సారూ’ అని అమ్మే ఆవిడే నన్ను కసిరేది. అలాంటిది, సుమారు ఏడు వందల ఏళ్లు, పది లక్షల చదరపు కిలోమీటర్ల పైచిలుకు నేలలో ఒకే పడికట్టు నడిచింది. ఎవరో ఒకరు అసలు రాయిని ఎక్కడో దాచి, నకళ్లు తీసి, అప్పుడప్పుడు సరిచూసి ఉండాలి. లేకపోతే ఊరి ఊరికీ కొంచెం కొంచెం జారి, మూడు తరాల్లో ఎవరి వీశె వాళ్లదే అయిపోతుంది.

హరప్పాలో ఊరి గోడ ద్వారాల దగ్గర ఈ రాళ్లు ఎక్కువగా దొరికాయి. ఊళ్లోకి వచ్చే సరుకు మీద సుంకం వసూలుకు వాడి ఉంటారని అక్కడ చాలాకాలం తవ్విన కెనోయర్ అభిప్రాయం. నాకూ అది సబబే అనిపిస్తుంది. సుంకం ఉందంటే వసూలు చేసేవాళ్లున్నారు, వాళ్ల మాట వినేవాళ్లున్నారు, ఖర్చు పెట్టడానికి ఒక ఉమ్మడి సొమ్ముంది. 1:2:4 నిష్పత్తిలో కాల్చిన ఇటుకలు, వీధి వీధికీ మూత వేసిన మురుగు కాలువలు ఊరికే రాలేదు. అంటే ప్రభుత్వం ఉంది, అదీ గట్టిగానే ఉంది. కానీ అది ఒక్క మనిషి ముఖంతో మనకు కనిపించదు. వర్తకుల సంఘమో, వాడ పెద్దల మండలో, ఊరికొక కుటుంబమో అయి ఉండొచ్చు. నన్ను ఎంచుకోమంటే వర్తక సంఘం వైపు మొగ్గుతాను, ఎందుకంటే సరైన రాయి మీద అందరికంటే ఆశ ఉండేది దూర ప్రాంతాలకు సరుకు పంపే నిజాయితీ వర్తకుడికే. మీ వ్యాసకర్త వేరేది ఎంచుకోవచ్చు. కానీ గడ్డం బొమ్మను చూపించి ‘ఇదిగో పాలకుడు’ అంటే ఈ ప్రశ్న వేసే అవకాశమే పిల్లలకు లేకుండా పోతుంది.

ఆ కాలంలోనే ఊర్‌లో రాణి పుఆబిని పాతిపెట్టినప్పుడు బంగారు ఆకుల కిరీటంతో, పరివారంతో సహా పాతిపెట్టారు. అక్కడి ఒక గోతిలోనైతే 74 మంది పరిచారకుల శవాలు, వాళ్లలో 68 మంది ఆడవాళ్లు. లియొనార్డ్ వూలీ తవ్వి తీశాడు. ఆ సమాధుల్లో సింధు నుంచి వెళ్లిన ఎర్రటి కార్నీలియన్ పూసలు కూడా ఉన్నాయి. ఆ పూసలు చేసిన దేశంలో, హరప్పా శ్మశానంలో, మనిషి పక్కన కుండలు, కొన్ని శంఖు గాజులు, మెడలో పూసలు, ఎప్పుడైనా ఒక రాగి అద్దం. అంతే. పూసలు పంపినవాళ్లు, పంపించుకున్నవాళ్లు చావును ఒకే రకంగా చూడలేదు. మరి రాజును మాత్రం ఒకే రకంగా చూశారని ఎలా అంటాం?

నేనేమీ సింధు నగరాలు స్వర్గమని చెప్పడం లేదు, ఈ మధ్య అలా రాసేవాళ్లూ ఎక్కువయ్యారు. అక్కడ పెద్ద లోగిళ్లూ ఉన్నాయి, ఒంటిగది కొంపలూ ఉన్నాయి. ఆ గొప్ప మురుగు కాలువల్లో అడ్డుపడిన మడ్డి ఎవరో చేతులతో ఎత్తిపోసి ఉంటారు, వాళ్ల బొమ్మ ఎవరూ చెక్కలేదు. మతం లేదనీ అనను. సుమారు 12 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు, నీళ్లు ఇంకకుండా తారు పూసిన స్నానవాటిక కట్టుకున్నవాళ్లకు నీళ్ల మీద ఏదో పవిత్ర భావన ఉండే ఉంటుంది. మొహెంజొదారో కోటదిబ్బ మీద ఎత్తైన చోట సుమారు రెండు వేల ఏళ్ల తరవాత కట్టిన బౌద్ధ స్తూపం ఉంది. రాఖల్‌దాస్ బెనర్జీ 1922లో తవ్వడానికి వచ్చింది ఆ స్తూపం కోసమే. దాని అడుగున ఏముందో తవ్వి చూస్తే గుడి బయటపడినా పడొచ్చు. పడితే నేనే మీకు మళ్లీ ఉత్తరం రాస్తాను.

ఇంకొక్క సంగతి. క్రీ.పూ. 1900 దాటాక ఆ నగరాలు పాడుబడుతున్న కాలంలో జనం మాయమైపోలేదు, పల్లెల్లో బతుకుతూనే ఉన్నారు, కుండలు చేస్తూనే ఉన్నారు. పోయినవి ముద్రలు, లిపి, ఈ ఘనాకారపు రాళ్లు. మూడూ కొంచెం అటూ ఇటూగా కలిసే పోయాయి. ఒకే ఆఫీసు మూతబడితే ఆగిపోయే పనులు అవి. మీ అనుబంధంలో నాగరికత ఎలా ముగిసిందనే భాగానికి వరదలు, వర్షాలు, నది దారి మారడం అని ఒక పేరా ఇచ్చారు. ఆ పక్కన ఈ మాట కూడా ఒక్క వాక్యం వేసి ఉంటే బాగుండేది.

మళ్లీ ఎప్పుడైనా సింధు నాగరికత మీద వేస్తే తూకం రాళ్ల ఫోటో వేయండి, పక్కన స్కేలు పెట్టి. ఢిల్లీ వెళ్లే పాఠకులకు ఒక సలహా. జాతీయ మ్యూజియం హరప్పా గ్యాలరీలో నాట్యకత్తె కంచు బొమ్మ చుట్టూ జనం మూగి ఉంటారు, అది 10.5 సెంటీమీటర్లే, వెనక నిలబడితే కనిపించదు. రాళ్లున్న అద్దాల పెట్టె దగ్గర మాత్రం ఎప్పుడూ చోటు ఖాళీనే. పిల్లల్ని తీసుకెళ్తే అన్నిటికంటే చిన్న ఘనం ఏదో వెతకమనండి. చిటికెన వేలి గోరు కంటే చిన్నది, కళ్లజోడు మర్చిపోవద్దు.

ఇట్లు,
తూనికలు కొలతల శాఖ విశ్రాంత ఇన్‌స్పెక్టర్ ఒకరు,
తెనాలి.
(పేరు వేయనక్కర్లేదు. నేను కేసులు రాసిన షాపులవాళ్లు కొందరు మీ పత్రికే చదువుతారు.)